మోటారు మీద చెయ్యి పెట్టే ముందు

చిరంజీవి అబ్బాయికి, పెదనాయన ఆశీర్వదించి రాసేది.

కల్యాణదుర్గం చేనిలో బోరు మోటారు, స్టార్టరు పనులన్నీ నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. వేపకట్టెతో ఫ్యూజు ఎగదోస్తున్నావని కూడా చెప్పింది. అది విన్నాక ఊరుకోలేకపోయినా.

రాగి, అల్యూమినియం, ఇనుము కరెంటును పోనిస్తాయి. పింగాణి, గాజు, ప్లాస్టిక్ ఆపుతాయి. లోహాల్లో కొన్ని ఎలక్ట్రాన్లు పట్టు లేకుండా తిరుగుతుంటాయి, పింగాణిలో అవి కదలవు. ఇది బడిలో చదివిందే. చేనిలో మాత్రం వస్తువు పేరు చూసి నమ్మొద్దు, అది ఎట్లుందో చూడు. బాగా ఎండిన కట్టె కరెంటును ఆపుతుంది. అదే కట్టె పచ్చిదైనా, వానకు తడిసినా పోనిస్తుంది. నీళ్లూ అంతే. ఏ ఉప్పూ లేని స్వచ్ఛమైన నీళ్లలో కరెంటు దాదాపు పారదు. మన బోరు నీళ్లలో ఉన్నవన్నీ ఉప్పులే. చెమట సంగతి చెప్పనక్కర్లేదు. తడి చేత్తో 230 వోల్టులు ముట్టుకుంటే గుండె ఆగడానికి అది చాలు. స్టార్టరులో ఒక ఫేజుకూ (కరెంటు వచ్చే తీగకూ) ఇంకో ఫేజుకూ మధ్య 415 వోల్టులుంటుంది.

ఈసారి వైండింగ్ షాపుకు పోతే మోనోబ్లాక్ మోటారు (మోటారు, పంపు ఒకటిగా ఉండేది) చుట్టే తీగ చేతికి తీసుకుని చూడు. మెరుస్తూ ఒట్టి రాగిలాగే ఉంటుంది. రెండు కొసలకూ టెస్ట్ ల్యాంపు పెట్టు, వెలగదు. బ్లేడుతో గీకి పెట్టు, వెలుగుతుంది. పైనున్న పల్చని ఎనామిల్ పూత పని అది. మోటారు కాలిందంటే చాలాసార్లు ముందు పోయేది రాగి కాదు, ఈ పూతే. వేడికి అది మాడితే పక్కపక్క చుట్లు తగులుకుని షార్టవుతాయి. వోల్టేజీ బాగా తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, అందుకే అప్పుడు మోటారు వెయ్యొద్దంటాను.

అల్యూమినియం తీగకు రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టే పని మానుకో. అల్యూమినియానికి గాలి తగిలితే పైన సన్నటి పొర పడుతుంది, అది కరెంటును పోనివ్వదు. జాయింటు వేడెక్కుతుంది, మన ఎండలకు టేపు జిగురు కారిపోతుంది. తీగ కొసకు బిగించే లగ్గులు, రెండు లోహాలకూ పనికొచ్చేవి, అంగట్లో దొరుకుతాయి, అవి వేయించు.

లీకైన కరెంటును భూమిలోకి పంపే ఎర్తు గుంతను ఎవరూ పట్టించుకోరు. ఎండిన ఎర్రమట్టి కరెంటును సరిగా తీసుకోదు. అందుకే గుంతలో బొగ్గు, ఉప్పు వేస్తారు. ఎండాకాలం వారానికోసారి దాంట్లో రెండు బిందెల నీళ్లు పోయించు.

స్టార్టరు విప్పేముందు మెయిన్ దించు. టెస్టరును ముందు కరెంటున్న చోట పెట్టి, వెలుగుతోందని చూసుకున్నాకే దాని మాట నమ్ము. హవాయి చెప్పులున్నాయి కదా అని ధైర్యపడొద్దు, తడి మడిలో అవి లెక్కలోకి రావు. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు పోతే ఎంత ఆలస్యమైనా లైన్‌మన్‌నే పిలువు. అక్కడ పైతీగల్లో 11,000 వోల్టులు, ఎండు కట్టె కూడా ఆదుకోదు.

బస్సులో వచ్చేవాళ్ల చేతికిచ్చి ఒక టెస్టరు, రబ్బరు చేతితొడుగులు పంపిస్తున్నా. తొడుగులకు చిల్లి పడిందేమో గాలి ఊది చూసి వేసుకో.