ఆవు, గేదె పాలు పడనివాళ్లు ఇంట్లో పల్లీ పాలు చేసుకోవచ్చా? టీలో విరిగిపోతాయా?

చేసుకోవచ్చు. బాదం పాల కంటే చాలా చవక కూడా.

ఒక కప్పు పచ్చి పల్లీలు రాత్రంతా నానబెట్టి, పొద్దున ఆ నీళ్లు పారబోసి, గింజల్ని అరచేతుల మధ్య నలిపితే ఎర్ర పొట్టు జారిపోతుంది. పొట్టు ఉంటే పాలకు కాస్త వగరు వస్తుంది, అందుకే ఓపిగ్గా తీసేయండి. ముందు కొద్ది నీళ్లతో మెత్తగా రుబ్బి, తర్వాత మొత్తం నాలుగు కప్పులు అయ్యేలా నీళ్లు కలిపి, పలచని నూలుగుడ్డలో వేసి గట్టిగా పిండాలి. చాలామంది ఇక్కడితో ఆపేసి పచ్చివాసన వస్తోందంటారు. సన్నసెగ మీద కలుపుతూ పది నిమిషాలు మరిగిస్తే ఆ వాసన పోతుంది, కానీ పక్కనే ఉండండి, నురగ ఒక్కసారిగా పొంగి పొయ్యి మీద పడుతుంది.

టీలో అయితే డికాషన్ వడకట్టాక వేడి పాలు చివర్లో కలపండి, అల్లంతో కలిపి మరిగిస్తే విరిగే అవకాశం ఎక్కువ.

ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటాయి. పైన మీగడలా తేలితే పాడైనట్టు కాదు, బాగా కదిపితే చాలు. పిప్పి పారేయకండి, చట్నీలో బ్రహ్మాండంగా ఉంటుంది.

వీటిలో కాల్షియం తక్కువ, బి12 ఉండదు. ఏడాదిలోపు పిల్లలకు తల్లిపాలకు బదులుగా అస్సలు పట్టొద్దు. పల్లీల అలర్జీ ఉన్నవాళ్లు కొబ్బరి పాలు చూసుకోండి.