పురపాలక సంఘంలో భద్రతా విధానం తిరగరాస్తున్న మేనకోడలికి

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన మేనకోడలికి ఆశీస్సులు.

పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘంలో కార్మికుల ఆరోగ్య, భద్రతా విధానాన్ని తిరగరాసి కౌన్సిల్ ముందు పెట్టే పని నీకు అప్పగించారని అక్క చెప్పింది. ఉద్యోగ జీవితమంతా ప్రజారోగ్య విభాగంలోనే గడిపినవాడిని కనుక నాకు తెలిసింది నీకు రాయాలనిపించింది. నేను గట్టిగా చెప్పదలచింది ఒక్కటే. ఆ పత్రంలోని ప్రతి మాటా తెల్లవారుజామున మస్టరు (హాజరు పట్టీ) దగ్గర నిలబడే మనిషికి అక్కరకు రావాలి. ముఖ్యంగా, ప్రాణం మీదికి వచ్చే పనిని "ఇలా అయితే చెయ్యను" అని చెప్పే హక్కు ఆ మనిషికి రాతపూర్వకంగా ఉండాలి.

పాత పత్రాన్ని చదువు, కానీ దాని వాక్యాలను దిద్దడంతో పని మొదలుపెట్టకు. ముందు కొన్నాళ్లు మేస్త్రీలతో కలిసి కాలువల వెంట, చెత్త బండ్ల వెంట, డంపింగ్ యార్డులో, పంపుహౌసులో తిరుగు. ప్రమాదాల రిజిస్టరు అడిగి చూడు; అందులో రాతలు తక్కువగా ఉంటే ప్రమాదాలు తక్కువని అనుకోకు. గాజుపెంకు కోసుకుందనో, సిరంజి సూది గుచ్చుకుందనో రిజిస్టరులో రాయించుకునేవాళ్లు చాలా అరుదు, ఎందుకంటే రాయిస్తే ఆ రోజు మస్టరు పోతుందని, మేస్త్రీకి కోపం వస్తుందని వాళ్ల భయం. అందుకే గాయం గురించి చెప్పినవారికి ఆ రోజు వేతనం తగ్గదని, చెప్పినందుకు వారిపై ఏ చర్యా ఉండదని మొదటి పేజీలోనే రాయించు.

"కార్మికుడు" అంటే ఎవరో నిర్వచించే చోట చాలా జాగ్రత్త అవసరం. పర్మినెంటు ఉద్యోగులు, ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థ) ద్వారా వచ్చినవారు, కాంట్రాక్టరు పంపే డ్రైవర్లు, క్లీనర్లు, పండగలకూ తుపానులకూ దినకూలీ మీద తెచ్చేవారు, వీరందరూ అందులోకి రావాలి. జీతం ఎవరి ఖాతా నుంచి వెళ్లినా పని పురపాలక సంఘానిదే కనుక భద్రత బాధ్యత కూడా పురపాలక సంఘానిదేనని స్పష్టంగా ఉండాలి. ఈఎస్‌ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తించడానికి నెల వేతన పరిమితి 21,000 రూపాయలు. వేతనం పెరిగి ఆ గీత దాటినవారికి గాయమైతే వైద్యం ఎవరు చూస్తారో, నష్టపరిహారం ఎలా ఇస్తారో విడిగా ఒక పేరా రాయాలి. సాధారణంగా ఈ ఖాళీ ఎవరి కంటా పడదు.

చట్టాల పేర్లు కూడా సరిచూసుకో. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020లో ఆమోదం పొందినా అమల్లోకి వచ్చింది 2025 నవంబరు 21న. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టంతో సహా 13 పాత చట్టాల స్థానాన్ని అది తీసుకుంది. ప్రమాదంలో మరణం సంభవించినా, గాయపడినవారు 48 గంటలు లేదా అంతకు మించి పనికి రాలేకపోయినా అధికారులకు తెలియజేయాలని ఆ కోడ్ చెబుతోంది. నీ రిజిస్టరును ఆ లెక్కకు సరిపోయేలా దిద్దుకో. తీవ్రమైన గాయమో ప్రాణాపాయమో ముంచుకొస్తుందని సహేతుకమైన భయం ఉన్న ఉద్యోగి ఆ సంగతిని యాజమాన్యం దృష్టికి తేవచ్చునని కూడా అందులో ఉంది. మన విధానం ఇంకో అడుగు ముందుకు వేసి, అలా చెప్పిన క్షణం నుంచి పని ఆగాలని, శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టేదాకా తిరిగి మొదలవకూడదని రాయాలి.

ఇక సెప్టిక్ ట్యాంకుల, మ్యాన్‌హోళ్ల సంగతి. నువ్వు ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే. 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ (మనిషి చేత మలం ఎత్తించడం) నిషేధ చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మనిషిని వాటిలోకి దింపి శుభ్రం చేయించడం నేరం. మొదటిసారి నేరానికే రెండేళ్ల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. ఇలా దిగి చనిపోయినవారి కుటుంబాలకిచ్చే పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న 30 లక్షలకు పెంచింది. శాశ్వత వైకల్యంతో సంపాదించుకోలేని స్థితికి వస్తే 20 లక్షలకు తగ్గకూడదంది. అయితే చట్టాన్ని ఎత్తి రాసినంత మాత్రాన ఎవరూ దిగకుండా ఉండరు. మన పట్టణాల్లో చాలావరకు ఇళ్లకున్నవి సెప్టిక్ ట్యాంకులే. ఇంటివాళ్లు ప్రైవేటు ట్యాంకరును పిలుస్తారు, అడుగున గట్టిపడిన మడ్డి గొట్టంలోకి రాదు, "కాస్త దిగి కదుపు నాయనా" అని పైనుంచి ఎవరో అంటారు. అక్కడ మన ఉద్యోగి ఒక్కరూ ఉండరు. అందువల్ల ట్యాంకర్లకు అనుమతి ఇచ్చే షరతుల్లోనే మనిషి దిగకూడదన్న నిబంధన, దిగితే అనుమతి రద్దు అన్న నిబంధన ఉండాలి; ఆ వాక్యం ట్యాంకరు మీద పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ఉండాలి.

ఆ గుంటలో జరిగేది మేస్త్రీలకు విడమరిచి చెప్పించు. అక్కడ పుట్టే హైడ్రోజన్ సల్ఫైడు అనే విష వాయువుకు మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన ఉంటుంది. మోతాదు పెరిగితే అది ముక్కు వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. వాసన పోయింది కదా, గ్యాసు పోయిందనుకుని దిగినవాడు మళ్లీ పైకి రాడు. అగ్గిపుల్ల గీసి చూసే పాత అలవాటు ఎక్కడున్నా దాన్ని పేరు పెట్టి నిషేధించు, మీథేన్ అనే మండే వాయువు ఉంటే అంటుకుంటుంది. గ్యాస్ మీటరును తాడుతో దింపి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా చూడాలి, ఆక్సిజన్ 19.5 శాతం కంటే తక్కువ చూపితే అక్కడితో పని ఆపాలి. అన్నిటికంటే ముఖ్యం, పడిపోయిన మనిషి కోసం ఇంకో మనిషి దిగకూడదు. ఈ ప్రమాదాల్లో తరచుగా ఇద్దరు ముగ్గురు కలిసి పోవడానికి కారణం ఇదే; మొదటివాడిని కాపాడబోయి తమ్ముడో బావమరిదో దూకుతాడు. ఆ క్షణంలో మనసు ఆగదు కనుక, పైన ఉన్నవాళ్లు ఎవరికి ఫోన్ చెయ్యాలో, మనిషిని పైకి లాగే ముక్కాలి స్టాండు, కప్పీ, నడుం పట్టీ ఎక్కడ ఉంటాయో, శ్వాస పరికరం ఎవరి దగ్గర ఉంటుందో ముందే నిర్ణయించి, అగ్నిమాపక సిబ్బందితో కలిసి ఏడాదికి రెండుసార్లయినా అభ్యాసం చేయించాలి.

చేతి తొడుగులు, బూట్లు, రిఫ్లెక్టర్ జాకెట్లు ఇవ్వాలని ఘన వ్యర్థాల నియమాలు 2016 నుంచీ చెబుతూనే ఉన్నాయి. ఇచ్చినవి ఎందుకు వేసుకోవడం లేదో మాత్రం ఎవరూ అడగరు. నేను పనిచేసిన ఒక చోట మగవాళ్ల కొలతకు కుట్టిన దళసరి రబ్బరు తొడుగులు ఒకే సైజులో టెండరు వేసి తెచ్చారు. ఊడ్చే ఆడవాళ్లకు వేళ్ల చివర అంగుళం ఖాళీ మిగిలేది, చీపురు కర్ర జారిపోయేది, లోపల చెమట పట్టి చర్మం పాచిపోయేది. వాళ్లు వాటిని కొంగున కట్టుకుని, ఇన్‌స్పెక్టరు బండి కనిపించినప్పుడు మాత్రమే తొడిగేవారు. బ్లీచింగ్ చల్లడం మాత్రం ఉత్త చేతులతోనే. కొనుగోలుకు ముందు నాలుగైదు రకాలు తెప్పించి, ఊడ్చేవాళ్ల చేత, కాలువ పూడిక తీసేవాళ్ల చేత వారం రోజులు వాడించి, వాళ్లు సరేనన్న వాటికే టెండరు పిలవాలని విధానంలో రాయి. ఏది ఎన్ని నెలలకు మార్చాలో కూడా రాయి. మన వైపు పని మొదలయ్యేది చీకట్లో, లారీల రద్దీ ఉన్న జాతీయ రహదారి పక్కన కూడా ఊడుస్తారు కనుక వెలిసిపోయిన జాకెట్టు ఉన్నా లేనట్టే.

మీ ప్రాంతానికి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. కానీ ఎండలో నీళ్లు తాగకుండా కష్టం చేస్తే మూత్రపిండాలకు చేటని వైద్యులు చెబుతూనే ఉన్నారు. కాబట్టి ఏటా జరిపే ఉచిత వైద్య పరీక్షలో కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్త పరీక్ష, మూత్ర పరీక్ష తప్పనిసరి చెయ్యి. ఏప్రిల్, మే నెలల్లో పది గంటల తర్వాత కాలువ పని పెట్టవద్దని, ప్రతి రెండు మూడు వీధులకూ తాగునీరు, నీడ ఉండాలని రాయి. ఒళ్లునొప్పులకు దుకాణంలో మాత్రలు కొని రోజూ మింగేవారు మన కార్మికుల్లో చాలామంది. ఆ మాత్రలు కిడ్నీలను ఎలా పాడుచేస్తాయో డాక్టరు చేత చెప్పించు. ఆడవాళ్లు నీళ్లు తక్కువ తాగడానికి అసలు కారణం మరుగుదొడ్డి లేకపోవడం, కనుక మస్టరు పాయింటు ఉన్న ప్రతిచోటా మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది ఉండాలనడం సౌకర్యాల అధ్యాయంలో కాదు, ఆరోగ్య అధ్యాయంలో ఉండాలి. హెపటైటిస్-బి టీకా మూడు డోసులు, ధనుర్వాతం టీకా అందరికీ వేయించి కార్డు ఇవ్వండి.

పంపుహౌసులో నీటిశుద్ధికి వాడే క్లోరిన్ వాయువు మామూలు గాలికంటే రెండున్నర రెట్లు బరువైనది, నేల వెంట పాకుతుంది. లీకయితే గాలికి ఎదురుగా, ఎత్తుకు వెళ్లాలి. శ్వాస పరికరం క్లోరిన్ గది బయట ఉండాలి. వీధిదీపాల వారు విద్యుత్ సంస్థ నుంచి ఎల్‌సీ (లైనులో కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మీ దగ్గరే తీరం దాటింది కదా. అలాంటప్పుడు లైను చచ్చిపోయిందనుకున్నా ఎవరి జనరేటరు నుంచో కరెంటు వెనక్కి రావచ్చు, కనుక ఎర్తింగ్ చేసేదాకా తెగిన తీగనూ, దాని మీద పడిన కొమ్మనూ ముట్టకూడదని తుపాను అధ్యాయంలో విడిగా రాయి. ఇక్కడ మా సిరిమానోత్సవం లాంటి పెద్ద పండగలకు వరుస షిఫ్టులు చేయించకుండా మనుషులను ఎలా మారుస్తారో కూడా అందులోనే రాయవచ్చు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల అంతర్గత కమిటీలో ఎవరున్నారో పేర్లు మస్టరు పాయింటులో అతికించాలి. ఊడ్చే ఆడవాళ్లకు ఆ కమిటీ ఉందనే తెలియదు.

కౌన్సిల్‌కు పంపేటప్పుడు విధానంతో పాటు బడ్జెట్ పద్దు కూడా అదే ఎజెండాలో పెట్టించు. డబ్బు తర్వాత చూద్దామంటే ఆ విధానం తీర్మానాల పుస్తకంలోనే ఉండిపోతుంది. అంతకంటే ముందు, ముసాయిదాను మస్టరు దగ్గర తెలుగులో పైకి చదివించు. చదువు రానివాళ్లు విని అభ్యంతరం చెప్పడానికి కనీసం రెండు వారాలు గడువు ఇవ్వు, చెప్పినవి రాసుకో, వేటిని ఒప్పుకున్నారో వేటిని ఎందుకు ఒప్పుకోలేదో మళ్లీ వాళ్లకే చెప్పు. పని ఆపే హక్కు గురించి సభ్యులెవరైనా "దీంతో పనులు ఆగిపోతాయి" అంటే తగ్గకు. కావాలంటే ఆ అధ్యాయాన్ని ఆరు నెలలకు సమీక్షిస్తామని ఒప్పుకో, తీసివేయడానికి మాత్రం ఒప్పుకోకు.

ముసాయిదా సిద్ధమయ్యాక సెప్టిక్ ట్యాంకుల అధ్యాయం, ట్యాంకర్ల అనుమతి షరతులు నాకు పంపు. చదివి నా మాట రాస్తాను.

ఇట్లు,
మీ మావయ్య