స్లైడ్ మీద ఆ ఫొటో పెట్టొచ్చా?

ప్రశ్న: సైకాలజీ సెమినార్‌లో నేరాల బాధితుల గురించి మాట్లాడాలి. ఒక అత్యాచారం కేసులోని అమ్మాయి ఫొటో, పేరు వాట్సాప్‌లో వచ్చాయి. స్లైడ్‌లో పెట్టొచ్చా మేడమ్?
– ఒక డిగ్రీ విద్యార్థిని

జవాబు: వద్దమ్మా, దయచేసి పెట్టొద్దు. భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం బాధితురాలిని గుర్తుపట్టే వివరాలు ప్రచురిస్తే రెండేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. అప్పటి పాత చట్టంలోనూ ఇలాంటి నియమమే ఉంది, 2012 ఢిల్లీ ఘటనలో అసలు పేరు బదులు ‘నిర్భయ’ అన్న పేరు వచ్చింది అందుకే. చట్టం సంగతి అలా ఉంచు, నీ క్లాసులోనే మూడో బెంచీలో అలాంటి బాధ దాచుకున్న పిల్ల ఉండొచ్చు, ఆ ఫొటో చూడగానే ఆమెకు చేతులు చల్లబడిపోతాయి. దాని బదులు అలాంటి ఘటన తర్వాత బాధితుల మనసులో ఏం జరుగుతుందో చెప్పు: నిద్ర పట్టదు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడతారు, జరిగిందంతా మళ్లీ మళ్లీ కళ్ల ముందు మెదులుతుంది, నెల దాటినా ఇది తగ్గకపోతే పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత వచ్చే మానసిక సమస్య) ఏమోనని డాక్టరుకు చూపించాలి. ‘పిచ్చి’ అనే మాట మాత్రం ఎక్కడా రానివ్వకు. చివరి స్లైడ్‌లో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 పెద్ద అక్షరాలతో వెయ్యి, తెలుగులోనూ మాట్లాడతారు.