ఆర్‌బీఐకి మన మీద కనపడని పవర్ ఉందంటారు, నిజమేనా?

ఉంది. నాకైతే హోమ్ లోన్ స్టేట్‌మెంట్‌లో కనపడింది.

మాది కర్నూలు. 2021 సెప్టెంబర్‌లో ఇల్లు కట్టుకోడానికి 20 లక్షలు తీసుకున్నా, 6.9 వడ్డీ, 20 ఏళ్లు, నెలకి 15,386. అప్పుడు రెపో రేటు 4 శాతం. రెపో అంటే బ్యాంకులు ఆర్‌బీఐ దగ్గర తెచ్చుకునే అప్పుకి కట్టే వడ్డీ అంట, దాంతో మనకేం పని అనుకున్నా. 2019 అక్టోబర్ నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారతా ఉండే) హోమ్ లోన్లన్నీ రెపో లాంటి బయటి రేటుకి ముడేశారని, నా లోన్ కూడా అదే రకమని కాగితాల్లో ఉందిలే, సంతకం పెట్టేటప్పుడు అవన్నీ ఎవరు చదువుతారు చెప్పండి.

2022 మేలో ఆర్‌బీఐ వాళ్లు రెపో పెంచడం మొదలుపెట్టి 2023 ఫిబ్రవరికల్లా 6.5కి తీసుకుపోయినారు. నా అకౌంట్లో మాత్రం అదే 15,386 కట్ అవుతాంది కాబట్టి మనకేం కాలేదులే అని నిమ్మళంగా ఉన్నా. ఆ ఎండాకాలం స్టేట్‌మెంట్ తీసి చూస్తే వడ్డీకే 15,300 చిల్లర పోయింది, అసలుకి జమైంది వంద రూపాయలు కూడా లేదు! బ్యాంకుకి పరిగెత్తితే "రేటు మా చేతిలో లేదు సార్" అన్నాడు మేనేజర్. అనుకున్న టైముకి తీరాలంటే కిస్తీ 18,600 దాకా పెంచాలన్నాడు, పెంచుకున్నా.

ఇందులో రహస్యమేమీ లేదు. రెపో ఎంతుండాలో తేల్చడానికి రెండు నెలలకోసారి ఆరుగురు కూర్చుంటారు, ఆర్‌బీఐ వాళ్లు ముగ్గురు, కేంద్రం పెట్టినోళ్లు ముగ్గురు, ఓట్లు సమానమైతే గవర్నర్‌ది ఇంకో ఓటు. ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉంచాలనేది వాళ్లకిచ్చిన పని, ధరలు మరీ పెరిగితే అదుపు చేయడానికే రెపో పెంచుతారు. ఎవరు ఎటు ఓటేశారో కూడా బయటపెడతారు, చదివేటోళ్లే లేరు.

అట్లని వాళ్లు దేవుళ్లేం కాదు. 2023 జులైలో టమోటా కిలో వంద దాటింది, రెపో 6.5 ఉన్నా దిగిందా? వానలు, పంట చూసుకుని అదే దిగింది. మా వీధిలో నూటికి రెండు రూపాయల వడ్డీకిచ్చే ఆయనైతే రెపో 4 ఉన్నా 6.5 ఉన్నా అదే రెండు రూపాయలు, ఆయన దగ్గర ఏ గవర్నర్ మాటా చెల్లదు.

2025లో తగ్గిస్తా వచ్చి డిసెంబర్‌కి 5.25 చేశారు. నాకు వడ్డీ తగ్గింది గానీ, మా నాయన రిటైర్మెంట్ డబ్బు ఎఫ్‌డీ రెన్యువల్‌కి వస్తే దానిక్కూడా తగ్గించినారు. ఇప్పుడు టీవీలో రెపో వార్త వస్తే ఇంట్లో నేనొక పార్టీ, ఆయనొక పార్టీ.