పీల్చుకుంటుంది అని రాసి వదిలేయకు

తమ్ముడూ,

నత్త పేగు మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఉదయసముద్రం ఆయకట్టులో నాట్ల టైముకు పొలాల్లో కనిపించే నత్తగుల్లలతో ఎత్తుకోవడం బాగుంది. మన నల్లగొండ పిల్లలు వెంటనే అందుకుంటారు. కానీ అసలు చోటుకొచ్చేసరికి 'పేగు చక్కెరను పీల్చుకుంటుంది' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఎలా పీల్చుకుంటుందన్నదే కదా మన కథ!

అక్కడే నిలబడి రాయి. పేగులో కంటే కణంలోనే గ్లూకోజ్ ఎక్కువున్నా, ఇంకా లోపలికే పోతుంది. పల్లం నీళ్లు మిట్టకెక్కాలంటే మోటారు కావాలి. ఇక్కడ ఆ బలం సోడియంది. కణం తన పంపుతో సోడియంను ఎప్పటికప్పుడు రక్తం వైపు తోడేస్తుంది. అందుకని లోపల అది తక్కువగా ఉంటుంది. పేగులోని సోడియం ఆ ఖాళీలోకి దిగేటప్పుడు, కణం పొరలో ఉన్న ఒక ప్రోటీన్ దానితోపాటే గ్లూకోజ్‌ను కూడా లోపలికి తెస్తుంది. 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి ప్రతిపాదించాడు. విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్‌లో ఉప్పు, గ్లూకోజ్ కలిసి ఉండేది ఇందుకే. ఇది తప్పకుండా రాయి, పాలమూరులో ఏ అమ్మకైనా పనికొచ్చే ముక్క.

ప్రయోగం కూడా చెప్పాలి. 1954లో శాస్త్రవేత్తలు విల్సన్, వైజ్‌మన్ ఎలుక, హామ్‌స్టర్ (ఎలుక లాంటిదే ఒక చిన్న జంతువు) పేగు ముక్కలను లోపలి వైపు బయటికి వచ్చేలా తిరగేసి, రెండు కొసలూ కట్టి సంచుల్లా చేశారు. లోపలా బయటా ఒకే గాఢతలో గ్లూకోజ్ పోసినా, కాసేపటికి సంచి లోపల గాఢత పెరిగింది. పాఠకుడు దీన్ని కళ్లతో చూసినట్టుండాలి.

అయితే అది ఎలుక పేగు. ఎలుకలో తేలినదాన్ని నత్తకు అంటగట్టకు, ఈ విషయంలో నేను ఊరుకోను. నత్త తిన్నది చాలావరకు జీర్ణగ్రంథిలోనే అరుగుతుంది, పేగు ఒక్కదాన్నే చూస్తే సరిపోదు. సముద్రపు నత్త అప్లీషియా పేగులో సోడియంతో నడిచే గ్లూకోజ్ రవాణా కనిపించింది, కానీ దాని చుట్టూ ఉన్నది ఉప్పునీరు. మంచినీటి నత్త సంగతి వేరు. దాని రక్తంలో సోడియం చుట్టూ ఉన్న నీటిలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ కొద్దిపాటి ఉప్పునూ నీటిలోంచి అదే లాక్కోవాలి. ఇంత కష్టపడి కూడబెట్టిన ఉప్పుతో అది చక్కెరను ఎలా తెచ్చుకుంటుంది? నీ వ్యాసం ఈ ప్రశ్న చుట్టూ తిరగాలి.

చివరి పేరాలో ప్రకృతి వింతల గురించి రాసింది తీసెయ్. దాని బదులు ఒక బొమ్మ వేయి: ఒక పక్క పేగు, ఇంకో పక్క రక్తం, నడుమ కణం. పంపు ఏ వైపున ఉందో స్పష్టంగా కనపడాలి.

నీ అన్న