జిల్లా సగటు చూసి సైన్సు మాస్టారిని తిట్టకండి

ప్రశ్న: "అచీవ్‌మెంట్ సర్వేలో మా జిల్లా సైన్సు సగటు 46 శాతం, పక్క జిల్లాది 52. మా బడులు అంత వెనకబడ్డాయా?"

ఆ రెండు అంకెలతో ఏమీ తేలదు. ఆ సర్వే పరీక్షను సర్కారు బడుల నుంచి ఎందరు, ప్రైవేటు బడుల నుంచి ఎందరు రాశారో ముందు చూడండి. లెక్క కోసం మీ జిల్లాలో సర్కారు బడి పిల్లల సగటు 40, ప్రైవేటు పిల్లలది 60 అనుకుందాం. పక్క జిల్లాలో 38, 58. రెండు రకాల బడుల్లోనూ మీవాళ్లే 2 పైన. కానీ మీ దగ్గర నూటికి 70 మంది సర్కారు బడిలో ఉంటే అక్కడ 30 మందే. కలిపి లెక్కేయండి: మీకు 46, వాళ్లకు 52! పెద్ద పట్టణం ఉన్న జిల్లాకు సగటు ఊరికే పెరిగిపోతుంది.

ప్రైవేటు బడికి వచ్చిన ఆ 20 ఎక్కువ కూడా మాస్టార్ల ఘనతే అనుకోకండి. ఫీజు కట్టగల ఇల్లు, చదువుకున్న తల్లి, సాయంత్రం ట్యూషను అన్నీ అందులోనే కలిసి ఉన్నాయి. తల్లి చదువు ఒకే స్థాయిలో ఉన్న పిల్లలను విడదీసి పోల్చాకే బడి సంగతి మాట్లాడాలి.

ఇక శాంపిల్, అంటే జిల్లా మొత్తానికి బదులుగా పరీక్షకు ఏరిన పిల్లలు. 50 బడులు, బడికి 30 మంది, మొత్తం 1,500 అంటే పెద్ద సంఖ్యే అనిపిస్తుంది. కానీ ఒక బడి పిల్లలంతా ఆ ఊరివాళ్లే, ఆ మాస్టారి దగ్గరే చదివినవాళ్లు. మార్కులూ దగ్గరదగ్గరగా ఉంటాయి. మార్కుల హెచ్చుతగ్గుల్లో 30 శాతం బడికీ బడికీ మధ్యదే అయితే, బడికి 30 మందిలో ఒకరు పోగా మిగిలిన 29తో లెక్క ఇలా: 1 + 29 × 0.3 = 9.7. 1,500ను దాంతో భాగిస్తే సుమారు 155. విడివిడిగా ఏరిన 155 మందిని పరీక్షించినంత నమ్మకమే ఆ 1,500 మందితోనూ వస్తుంది. స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 20 అయితే రెండు జిల్లాల మధ్య నాలుగున్నర లోపు తేడాను తేడాగా లెక్కించకూడదు. మన పేపర్లు మాత్రం అర మార్కుకు కూడా ర్యాంకులిచ్చి మ్యాపుకు ఎరుపు, ఆకుపచ్చ పూస్తాయి. ఆ రంగు చూసి రివ్యూ మీటింగుల్లో హెడ్‌మాస్టర్లకు అక్షింతలు.

పరీక్షకు ఎవరిని కూర్చోబెట్టారన్నదానిపై ఎంత ఆధారపడుతుందో పీసాలో (పదిహేనేళ్ల పిల్లలకు దేశదేశాల్లో పెట్టే పరీక్ష) చైనా సంగతి చూడండి. 2015లో చైనా తరఫున బీజింగ్, షాంఘై, జియాంగ్సు, గువాంగ్‌డాంగ్ ప్రాంతాలు రాస్తే సైన్సులో 518. 2018లో గువాంగ్‌డాంగ్ పోయి జెజియాంగ్ వచ్చింది. స్కోరు 590, ప్రపంచంలో ఫస్టు. మూడేళ్లలో 72 పాయింట్లు పాఠాలు బాగా చెప్పినంత మాత్రాన పెరగవు. పీసా 2009 విడతలో మన దేశం నుంచి రాసింది తమిళనాడు, హిమాచల్‌ప్రదేశ్ మాత్రమే. సైన్సులో 348, 325 వచ్చాయి. దాన్నే ఇప్పటికీ 'ఇండియా ర్యాంకు' అంటుంటారు.

పదో తరగతి ఉత్తీర్ణత శాతంతో పోల్చడం మరీ దండగ. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో కోవిడ్ వల్ల పరీక్ష లేకుండానే అందరూ పాస్. 2022లో పరీక్ష పెడితే 67.26 శాతం. ఏడాదిలో పిల్లల తెలివి మూడో వంతు కరిగిపోయిందా?

బడిలో చదువెలా ఉందో నిజంగా తెలుసుకోవాలంటే సగటు పక్కన పెట్టి ఒక్కో ప్రశ్నకు ఏ ఆప్షను ఎందరు పెట్టారో అడిగి తీసుకోండి. చిన్న ఇనప మేకు నీళ్లలో మునుగుతుంది, పెద్ద చెక్క దుంగ తేలుతుంది, ఎందుకని ప్రశ్న. నాలుగు ఆప్షన్లకూ తలా పాతిక శాతం పడితే పిల్లలు గుడ్డిగా దిద్దారన్నమాట. బహుశా 'సాంద్రత' అన్న మాటే అర్థమై ఉండదు. అదే పేపరు ఇంగ్లీషు మీడియంలో రాసినవాళ్ల లెక్కతో సరిచూస్తే అది భాష చిక్కో కాదో తెలుస్తుంది. అలాకాక 60 శాతం మంది 'ఇనుము బరువు కాబట్టి' అన్నదే పెట్టారనుకోండి, పాఠం విన్నారు కానీ బరువుకూ సాంద్రతకూ తేడా పట్టుబడలేదు. అలాంటి బడికి కావలసింది ఒక త్రాసు, ఒక కొలజాడీ, రెండు పీరియడ్లు.