ఉద్యోగం చేస్తూ గ్రూప్‌-2 సిలబస్‌ను రోజువారీగా ఎలా విడగొట్టాలి?

అనంతపురంలో ఉద్యోగం చేస్తూ చదువుతున్నానన్నారు. ‘పాలిటీ (రాజ్యాంగం, పాలనా వ్యవస్థ) పూర్తిచేయాలి’ అని రాసుకుంటే పుస్తకం తెరవబుద్ధి కాదు. ‘ఈరోజు 14 నుంచి 18 అధికరణలు, సమానత్వ హక్కు’ అని రాసుకోండి. రేపు 19 నుంచి 22, స్వేచ్ఛా హక్కు. చదివాక పుస్తకం మూసి, తెల్లకాగితం మీద గుర్తున్నంత రాయండి. 17 అంటే అస్పృశ్యత నిషేధమని చూడకుండా రాయగలిగితేనే ఆ రోజు పని అయినట్టు.

చాలామంది దెబ్బతినేది బాకీల దగ్గరే. సోమవారం తప్పిన భాగాన్ని మంగళవారానికి కలుపుతారు, బుధవారానికి అది మూడింతలవుతుంది, ఇక పుస్తకం ముట్టరు. కాబట్టి వారంలో ఆరు రోజులకే భాగాలు వేసుకోండి. బాకీలన్నీ ఆదివారం తీర్చండి. మన ఎండలకు మధ్యాహ్నం చదువు సాగదు, తెల్లవారుజామున ఐదింటికి కూర్చుంటే గంటన్నర చాలు.